అరుదైన ఊపిరితిత్తుల జబ్బు.. ఇంట్లో నర్సింగ్ కేర్‌కు ఏం సిద్ధం చేసుకోవాలి?

మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉందనుకుందాం. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేశాకే అసలు పని మొదలవుతుంది. ఇది పుట్టుకతో వచ్చే అరుదైన జన్యు వ్యాధి. కఫం చిక్కగా, జిగటగా పేరుకుపోయి ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

రోజూ ఏం చేయాలి?
డాక్టర్ చెప్పిన వరుసలో నెబ్యులైజర్, ఛాతీ ఫిజియోథెరపీ తప్పకుండా చేయించాలి. తిన్న వెంటనే ఫిజియోథెరపీ వద్దు. నెబ్యులైజర్ భాగాలను వాడిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టాలి. వీరికి చెమటతో ఉప్పు ఎక్కువగా పోతుంది. కాబట్టి ఎండాకాలంలో ఎంత ఉప్పు అదనంగా ఇవ్వాలో డాక్టర్‌ను ముందే అడగండి.

కరెంటు పోతే?
ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కరెంటుతోనే నడుస్తుంది. అందుకే ఒక సిలిండర్ సిద్ధంగా ఉండాలి. సుమారు 1,500 లీటర్ల సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే దాదాపు 12 గంటలు వస్తుంది. దగ్గర్లో దీపం, అగరుబత్తి, సిగరెట్ ఉండకూడదు. ఆయాసంగా ఉందని ఆక్సిజన్‌ను మీ అంతట మీరే పెంచొద్దు.

వచ్చింది నర్సా, అటెండరా?
ఏజెన్సీలు ‘హోమ్ నర్స్’ పేరుతో పంపేవారందరూ నర్సులు కారు. జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివారా, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి, కాగితాలు చూడండి. స్నానం, భోజనం వంటి పనులకు అటెండర్ చాలు. నరానికి ఎక్కించే యాంటీబయోటిక్స్ మాత్రం డాక్టర్ రాసిచ్చిన ప్రకారం నర్సే ఇవ్వాలి.

ప్రభుత్వ సాయం ఉందా?
జాతీయ అరుదైన వ్యాధుల విధానం-2021 జాబితాలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. అర్హులకు గుర్తింపు పొందిన కేంద్రాల్లో చికిత్స కోసం రూ.50 లక్షల వరకు సాయం అందుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీ అలాంటి కేంద్రంగా ఉంది. ఇది చికిత్స కోసం ఇచ్చే సాయం. హోమ్ నర్సు జీతాన్ని ఇందులో లెక్కేసుకోవద్దు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?
దగ్గు పెరిగినా, కఫం రంగు మారినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. పెదవులు నీలంగా మారినా, మత్తుగా పడిపోతున్నా, కఫంలో రక్తం ఎక్కువగా పడినా వెంటనే 108కు ఫోన్ చేయండి.

చివరిగా ఒక మాట. నెబ్యులైజర్ పెట్టుకోవడం, మందుల లెక్క చూసుకోవడం పిల్లాడికే నెమ్మదిగా నేర్పండి. రేపు హాస్టల్‌కు వెళ్లినా, ఉద్యోగంలో చేరినా అదే అక్కరకొస్తుంది.