చలి దేశానికి చిన్నపిల్లలతో ప్రయాణమా? మందపాటి జాకెట్ ఒక్కటే సరిపోదు

డిసెంబర్ సెలవులు దగ్గరపడితే చాలు, హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో అటక మీది సూట్‌కేసులు కిందికి దిగుతాయి. చికాగోలో ఉన్న మామయ్య ఇంటికో, ఖాలా ఇంటికో ప్రయాణం. టికెట్లు, వీసాలు అయిపోగానే తల్లిదండ్రులు చేసే మొదటి పని పిల్లాడికి బాగా మందంగా ఉండే జాకెట్ కొనడం. జాకెట్ కావాల్సిందే. కానీ అదొక్కటే పిల్లాడిని కాపాడదు. పైగా కారులో అదే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

పిల్లలకు చలి ఎందుకు ఎక్కువ?

జనవరిలో చికాగోలో పగలే సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, రాత్రి మైనస్ 7 దాకా పడిపోతుంది. 2019 జనవరి 30న మైనస్ 31 డిగ్రీలు నమోదైంది. దీనికి గాలి తోడైతే ఇంకా కష్టం. ఒంటి చుట్టూ ఉండే వెచ్చదనాన్ని గాలి ఊడ్చేస్తుంది. పిల్లల బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకే ఒంట్లో వేడి పెద్దవాళ్ల కన్నా త్వరగా పోతుంది. ఆటలో పడితే చలేస్తోందని చెప్పరు కూడా.

ఒకటి కాదు, మూడు పొరలు

చికాగోలో ఒక సాయంత్రం ఎలా గడుస్తుందో చూడండి. హీటర్ ఉన్న ఇంట్లోంచి కారులోకి, కారు దిగి డెవాన్ అవెన్యూ వీధిలోకి, అక్కణ్నుంచి వెచ్చటి హోటల్లోకి. అరగంటలో వేడి, చలి నాలుగుసార్లు మారతాయి. అందుకే వేసుకోవడానికి, తీయడానికి వీలుగా పొరలుండాలి. ఒంటికి ఆనుకుని చెమట పీల్చే థర్మల్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, ఆ పైన గాలి, తడి దూరని జాకెట్. లోపల కాటన్ వద్దు. అది తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబడుతుంది. పెద్దవాళ్లు వేసుకున్నదాని కన్నా పిల్లలకు ఒక పొర ఎక్కువ వేస్తే చాలు. వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిటెన్లు మామూలు గ్లోవ్స్ కన్నా వెచ్చగా ఉంటాయి. పొడవాటి మఫ్లర్ మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి తొడుక్కునే నెక్ వార్మర్ మంచిది.

కారులో జాకెట్ తీసేయాలి

చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో 8 ఏళ్ల లోపు పిల్లలను వయసుకు, బరువుకు తగిన చైల్డ్ సీటులోనే కూర్చోబెట్టాలి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు. మందపాటి జాకెట్ మీద బెల్టు పెడితే బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ కారు ఢీకొన్నప్పుడు జాకెట్‌లోని దూది అణిగిపోతుంది, బెల్టు వదులవుతుంది, పిల్లాడు జారిపోవచ్చు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. జాకెట్‌తో కూర్చోబెట్టి బెల్టు బిగించండి. బెల్టు వదులు చేయకుండా బిడ్డను బయటికి తీసి, జాకెట్ విప్పి మళ్లీ కూర్చోబెట్టండి. బెల్టు ఎంత వదులుగా ఉందో కళ్లారా కనిపిస్తుంది. అందుకే పలుచటి ఫ్లీస్ మీదే బెల్టు పెట్టి, దాని పైన దుప్పటి గానీ, తిరగేసిన జాకెట్ గానీ కప్పాలి.

ఈ గుర్తులు కనిపిస్తే

ముక్కు, చెవులు, వేళ్లు తెల్లగా లేదా బూడిద రంగులోకి మారి, స్పర్శ తెలియకపోతే చలి దెబ్బ తగిలినట్టు. వెంటనే లోపలికి తీసుకెళ్లి, తడి బట్టలు మార్చి, ఆ భాగాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. రుద్దకూడదు, హీటర్ దగ్గర పెట్టకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా 911కు ఫోన్ చేయాలి.

బయల్దేరే ముందు

పిల్లల పాస్‌పోర్టు గడువు మామూలుగా 5 ఏళ్లే, ముందే చూసుకోవాలి. చంటిబిడ్డకైనా సొంత వీసా ఉండాలి. రెండేళ్లు నిండని బిడ్డను విమానంలో ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కానీ తిరుగు ప్రయాణానికల్లా రెండేళ్లు నిండితే సీటు కొనాల్సిందే. ఫ్లూ టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, మొదటిసారి వేయించుకునే చిన్నపిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. కాబట్టి పిల్లల డాక్టర్‌ను నెలన్నర ముందే కలవడం మేలు. అమెరికాలో వైద్యం ఖరీదు కనుక ట్రావెల్ ఇన్సూరెన్స్ మరవొద్దు. నానమ్మ పెట్టిన చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయాలి. మాంసం ఉన్నవి కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు, చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా కూడా పడవచ్చు.

విమానం దిగేటప్పుడు పిల్లలను నిద్రలేపి పాలో, నీళ్లో తాగించాలి. గుటక వేస్తుంటే చెవి నొప్పి తగ్గుతుంది. చికాగో టైమ్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనుక కాబట్టి మొదటి రోజుల్లో అర్ధరాత్రి లేచి ఆడుకుంటారు. పొద్దున వెలుతురులో కాసేపు తిప్పితే నిద్ర త్వరగా కుదురుకుంటుంది.

చివరగా ఒక మాట. పిల్లల జాకెట్, టోపీ, మిటెన్లు, ఒక జత బట్టలు, మందులు హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోవాలి. పెద్ద సూట్‌కేసు ఒకరోజు ఆలస్యంగా వచ్చినా, ఎయిర్‌పోర్టు బయట బిడ్డ పలుచటి బట్టలతో వణకాల్సిన పని ఉండదు.