ముత్తుకూరులో ఊరి ప్రణాళిక: ఎవరెవరు కూర్చోవాలి?

ఊరి బాగోగులకు ప్రణాళిక వేసుకునే అధికారం ఊరికే ఉండాలన్నది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఉద్దేశం. పంచాయతీలకు అప్పగించదగినవంటూ 11వ షెడ్యూలు 29 అంశాలను పేర్కొంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక దాని నుంచి వచ్చిందే. గ్రామసభ ముందుకు వచ్చాక మాత్రం చాలాచోట్ల అది సిమెంటు రోడ్డు, సైడు కాలువ దగ్గరే ఆగిపోతుంది.

నెల్లూరు తీరాన ముత్తుకూరు మండలానికి అంతటితో సరిపోదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2004 డిసెంబరు 26 సునామీ ఈ జిల్లా చూసినవే. సముద్రం పక్కనే 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. ఆ తర్వాత నేలటూరులో 2,400 మెగావాట్ల థర్మల్ కేంద్రం వెలిసింది. పంటపాళెం వైపు వంటనూనె ఫ్యాక్టరీలున్నాయి. వేటకు వెళ్లే పడవలు, రొయ్యల గుంటలు, బూడిద, లారీలు అన్నీ ఒక్క మండలంలోనే.

ప్రమాదాలు కలిసే ఉన్నా ప్రణాళికలు విడివిడిగా తయారవుతాయి. తుపానుకు 2005 విపత్తు నిర్వహణ చట్టం ఉంది. దాని కింద ఏర్పడే జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షులైతే, జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులు. ప్రమాదకర రసాయనాలు వాడే చోట్లకు భోపాల్ గ్యాస్ దుర్ఘటన అనుభవంతో వచ్చిన 1996 నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం ఏర్పడే స్థానిక బృందంలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, అగ్నిమాపక అధికారి, పోలీసు స్టేషను అధికారితోపాటు సర్పంచి, ఇద్దరు డాక్టర్లు, చివరికి స్థానిక పత్రిక సంపాదకుడు కూడా ఉండాలి. ఈ కూర్పు తెలివైనదే. ఆరు నెలలకోసారి మాక్‌డ్రిల్ చేయాలి కూడా. అయినా 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్ల మీదికి వచ్చినప్పుడు సైరన్ మోగలేదు. కాగితం మీది సైరను ఎవరినీ నిద్ర లేపదు.

మత్స్యకార పాళేలలో ఇంకా పాత ఏర్పాటు ఒకటుంది: కులపెద్దలు, వాళ్లు వేసే దురాయి, అంటే అందరూ పాటించాల్సిన కట్టుబాటు. తుపాను కబురందగానే ఎవరి పడవ ఎటు వెళ్లిందో ముందు తెలిసేది వాళ్లకే. ప్రణాళికలో వాళ్లకు చోటిస్తే తుపాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది, మంచాన పడ్డవాళ్లను ఎవరు మోస్తారు, నెలలు నిండిన గర్భిణులను ముందే ఆస్పత్రికి ఎవరు చేరుస్తారు అన్నవాటికి ఎదురుగా మనుషుల పేర్లు పడతాయి.

ఒక లోటు మాత్రం చట్టంలోనే ఉంది. గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్లు. వేరే రాష్ట్రాల నుంచి పనికొచ్చి షెడ్లలో ఉండే కూలీలు అందులోకి రారు. తెలుగులో వేసే దండోరా వాళ్లకు అర్థం కాదు. మండలంలో ఎవరు ఎక్కడ ఉంటున్నారన్న లెక్క కాంట్రాక్టర్ల దగ్గర నుంచి పంచాయతీకి అందితేనే వాళ్ల పేర్లూ ప్రణాళికలోకి ఎక్కుతాయి.