మంచాన పడితేనే బీమా

"మాకు ఇన్సూరెన్స్ ఉందండీ, కౌన్సెలింగ్‌కి పనికొస్తుందా?" అని గుంటూరులో ఏ సైకాలజిస్టును అడిగినా సాధారణంగా రాదనే జవాబు. చట్టం చూస్తే రావాలనే ఉంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ఒంటి జబ్బుకు బీమా ఎలా ఇస్తారో మనసు జబ్బుకూ అలాగే ఇవ్వాలి. 2022 అక్టోబరు 31లోగా అన్ని పాలసీల్లోనూ ఇది ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గడువు కూడా పెట్టింది.

చిక్కంతా ఆ "అలాగే" దగ్గరే ఉంది. మామూలు పాలసీ ఒంటి జబ్బుకైనా సాధారణంగా కనీసం 24 గంటలు అడ్మిట్ అయితేనే డబ్బిస్తుంది. డెంగీతో ఆసుపత్రిలో పడుకుంటే ఇస్తుంది, ఓపీలో చూపించుకుని మందులు తెచ్చుకుంటే ఇవ్వదు. ఇదే సూత్రాన్ని మనసుకూ పెట్టారు. కానీ థెరపీ అంటేనే ఓపీ వైద్యం. వారానికోసారి ముప్పావుగంటో గంటో కూర్చుని మాట్లాడాలి, అలా నెలల తరబడి సాగాలి. కాగితం మీది సమానత్వం ఇక్కడ రోగికి అన్యాయమే చేస్తోందని నా అభిప్రాయం.

ఆ భారం ఎంతో మన లెక్కలో చూద్దాం. సిట్టింగుకు వెయ్యి రూపాయలనుకుంటే పన్నెండు సిట్టింగులకు 12,000. ధర పడిపోయిన 2025 ఫిబ్రవరిలో కేంద్రం మిర్చికి ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అంటే కౌలు రైతు తన కొడుకు దిగులు తగ్గడానికి క్వింటాలుకు పైనే మిర్చి అమ్ముకోవాలి.

బీమా కంపెనీల క్యాష్‌లెస్ ఒప్పందాలు కూడా పడకలున్న ఆసుపత్రులతోనే ఎక్కువ. ఒక్క గదిలో ప్రాక్టీసు చేసే సైకాలజిస్టుకు ఆ దారి దాదాపు లేనట్టే.

బీమా ఉన్నా వాడుకోని ఇళ్లూ ఉన్నాయి. క్లెయిమ్ కాగితంలో జబ్బు పేరు రాయాలి. పిల్లకు సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులు ఆ పేరు బయటపడుతుందని భయపడి చేతి డబ్బే ఇచ్చేస్తారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేను. అయితే వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు అదే చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు మాత్రం పాత జబ్బు దాచకండి, తర్వాత క్లెయిమ్ తిరగ్గొట్టడానికి అదే సాకవుతుంది. చెప్పి తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ 36 నెలలు మించకూడదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన.

కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లు ఓపీ కవర్ ఉందా, అందులో కౌన్సెలింగ్ వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. అడ్మిట్ అయి ఇంటికొచ్చాక కూడా, చాలా పాలసీల్లో 60 రోజుల దాకా ఆ జబ్బు తాలూకు ఖర్చు అడగొచ్చు. డాక్టరు చీటీ, రిజిస్ట్రేషన్ నంబరున్న బిల్లు పారేయకండి. స్పిన్నింగ్ మిల్లులో నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్ఐ కడుతుంటే ఓపీ వైద్యం కూడా ఆ పథకంలోనే ఉంది. ఏదీ లేనివాళ్లకు గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగం ఉంది. రద్దీ వల్ల తీరిగ్గా మాట్లాడే సమయం దొరకడం కష్టమే. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్‌లో తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

న్యాయమైన క్లెయిమ్ తిరగ్గొడితే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. దానికి ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.