రక్తపింజరి విషం, హేగ్‌మన్ రక్తం, ఒక గాజు గొట్టం

"రక్తపింజరి విషానికి రక్తం గడ్డకడుతుందని పుస్తకాల్లో రాస్తారు. మా ఊళ్లో అది కరిచిన మనిషికేమో చిగుళ్ల నుంచి రక్తం కారడం ఆగనే లేదు. ఏది నిజం?" అని ఒక పాఠకుడు అడిగారు. రెండూ నిజమే. మొదటిది నిజం కాబట్టే రెండోది జరుగుతుంది. ఇంత చక్కని ప్రశ్న వచ్చాక ఈ నెలకు అనుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టేశాను.

బళ్లో చదువుకున్నది త్వరగా గుర్తు చేసుకుందాం. గాయమైన చోట ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి. ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ దారాలుగా మారి, వలలా అల్లుకుని వాటిని బిగిస్తుంది. ఈ మార్పు చేసే ఎంజైము త్రాంబిన్. అది మామూలుగా ప్రోత్రాంబిన్‌గా, ఏ పనీ చేయని రూపంలో తిరుగుతూ ఉంటుంది. దాన్ని కోసి పనిలోకి దించేది ఫ్యాక్టర్ 10 అనే కారకం. ఆ 10ని కూడా ఇంకో ఎంజైము కోయాలి. ఇలా ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ వచ్చే వరస ఇది.

అసలు అద్భుతం ఇక్కడుంది. రక్తపింజరి విషంలోని ఒక ఎంజైము ఈ వరసను మొదటి నుంచి నడిపించదు. నేరుగా ఫ్యాక్టర్ 10 దగ్గరికి పోయి, మన ఒంట్లోని ఎంజైములు ఏ బంధాన్ని కోస్తాయో సరిగ్గా ఆ బంధాన్నే కోస్తుంది. విషంలోనే ఉన్న ఇంకో ఎంజైము ఫ్యాక్టర్ 5ని లేపుతుంది. ఈ ఎంపిక చూడండి! 10 ఒంటరిగానూ ప్రోత్రాంబిన్‌ను కోయగలదు గానీ చాలా మెల్లగా. కాల్షియం సాయంతో ప్లేట్‌లెట్ పొర మీద 5తో జత కడితే ఆ వేగం సుమారు 3 లక్షల రెట్లు పెరుగుతుంది. జంటలో ఇద్దరినీ ఆ పాము ఒకే కాటుతో లేపేస్తోంది.

మామూలు గాయంలో ఈ పని ఆ చోటికే పరిమితం. తప్పించుకుపోయిన త్రాంబిన్‌ను పట్టుకోవడానికి రక్తంలో కాపలా ప్రొటీన్లున్నాయి. విషానికి గాయం అక్కర్లేదు, ఒళ్లంతా దాని చోటే. లీటరు ప్లాస్మాలో ఉండే ఫైబ్రినోజన్ 2 నుంచి 4 గ్రాములు. అదంతా పనికిమాలిన చిన్న చిన్న దారాలుగా మారుతుంటే, గడ్డల్ని కరిగించే ప్లాస్మిన్ వాటిని వెంట వెంటనే ముక్కలు చేస్తూ పోతుంది. విత్తనాల వడ్లతో సహా గాదె ఊడ్చేసినట్టు కొన్ని గంటల్లో ఫైబ్రినోజన్ అడుగంటుతుంది. అప్పుడు చిగుళ్లు కారతాయి, మూత్రం ఎర్రబడుతుంది, ఒక్కోసారి మెదడులోనూ రక్తస్రావం అవుతుంది. అతిగా గడ్డకట్టడం వల్లే ఇక గడ్డకట్టలేని రక్తం మిగులుతుంది.

ఈ పామును శాస్త్రలోకానికి చూపిన ప్యాట్రిక్ రస్సెల్‌ది మనకు దగ్గరి చరిత్రే. స్కాట్లండ్ వైద్యుడు, 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. 1796లో వచ్చిన పుస్తకంలో దీన్ని అచ్చ తెలుగు పేరుతో, కాటుక రేకుల పొడ అని నమోదు చేశాడు. శాస్త్రీయ నామంలో మాత్రం ఆయన పేరే నిలిచింది. నాకైతే కాటుక రేకులే బాగున్నాయి.

1934లో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే ఇద్దరు ఈ విషాన్ని బాగా పలచన చేసి, హీమోఫిలియా రోగుల గాయాల మీద పైపూతగా వాడితే రక్తం ఆగుతుందని చూపారు. హీమోఫిలియాలో ఎక్కువగా లోపించేది ఫ్యాక్టర్ 8. విషం దాన్ని దాటేసి 10 దగ్గరే మొదలుపెడుతుంది కదా! ఆ మాక్‌ఫర్లేనే 1964లో ఈ కారకాలన్నిటినీ ఒక వరసలో పేర్చాడు. అదే ఏడాది అమెరికాలో డేవీ, రాట్నాఫ్ విడిగా అలాంటి వరసే ప్రకటించారు. రెండింటిలోనూ పైమెట్టు ఫ్యాక్టర్ 12.

ఇక్కడే పెద్ద తిరకాసు. ఫ్యాక్టర్ 12ను రాట్నాఫే కనుక్కున్నాడు, జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగి రక్తంలో. 1955లో ఆ సంగతి ప్రచురించాడు. హేగ్‌మన్ రక్తం గాజు గొట్టంలో పోస్తే చాలా సేపటిదాకా గడ్డకట్టేది కాదు. కానీ ఆయనకు రక్తస్రావం అన్న సమస్యే ఎప్పుడూ లేదు. చివరికి 1968లో కటి ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి చనిపోయాడు. లేకున్నా ఏ లోటూ రాని కారకాన్ని పైమెట్టు మీద కూర్చోబెట్టారు! ఎందుకంటే వాళ్లందరూ గడ్డకట్టడాన్ని చూసింది గాజులో. గాజు ఉపరితలం తగిలితే ఫ్యాక్టర్ 12 మేల్కొంటుంది. ఒంట్లో గాజెక్కడిది? అక్కడ పని మొదలయ్యేది తెగిన కణజాలంలోని టిష్యూ ఫ్యాక్టర్‌తో. ఈ సవరణ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది.

హేగ్‌మన్ రక్తంలో రక్తపింజరి విషం వేసినా మామూలుగానే గడ్డకడుతుందని ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఉపయోగాల మాటకొస్తే, పలచన చేసిన ఈ విషం ల్యాబుల్లో ఒక పరీక్షకు పనికొస్తోంది. పదే పదే గర్భస్రావాలకు కారణమయ్యే ఒక రకం యాంటీబాడీలను దాంతో పట్టుకుంటారు. ఇక కాటు పడ్డవారి విషయంలో కట్లు కట్టడం, కోసి రక్తం తీయడం ఇంకా మానలేదు మనవాళ్లు. గడ్డకట్టని రక్తమున్న మనిషికి బ్లేడు పెట్టడమంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆసుపత్రిలో చేసే పరీక్ష ఎంత తేలికంటే, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడటమే. జారితే విషం పనిచేసినట్టు, యాంటీవీనమ్ ఎక్కించాలి. అది విషాన్ని ఆపుతుందే గానీ ఫైబ్రినోజన్‌ను పోయదు. కాలేయం దాన్ని మళ్లీ తయారుచేసుకోవాలి. అందుకే 6 గంటలకోసారి పరీక్ష మళ్లీ చేస్తారు.

ఆ గొట్టం గాజుదే కావాలి. ఫ్యాక్టర్ 12ను లేపేది అదే. ఒంటికి అక్కర్లేని కారకం మీద ప్రాణాలు నిలబెట్టే పరీక్ష ఆధారపడి ఉంది! ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా మంచి రక్తం కూడా గడ్డకట్టకుండా మోసం చేస్తుంది. అప్పుడు విషమెక్కని మనిషికీ యాంటీవీనమ్ ఎక్కుతుంది. గుర్రాల రక్తం నుంచి తీసిన ఆ మందుకు తీవ్రమైన ఎలర్జీలు వస్తాయి. కోట్ల యంత్రాలకు టెండర్లు పిలిచే వాళ్లు కొత్త గాజు గొట్టాలు నాలుగు డబ్బాలు కూడా కొనిపెడితే బాగుండు.