నీళ్లు పోశాం సరే... అవెక్కడికి పోయాయి?

నడివేసవి. కారు నిండా జనం. దారి మధ్యలో బానెట్ సందుల్లోంచి బుసబుసమంటూ ఆవిరి. కారున్న చాలా ఇళ్లలో ఒక్కసారైనా ఎదురయ్యే అనుభవమే ఇది. మా ఇంట్లో అయితే నెలలో మూడుసార్లు ఎదురైంది. మూడుసార్లూ మేం చేసింది ఒకటే- నీళ్లు పోయడం. తప్పు కూడా సరిగ్గా అక్కడే జరిగింది!

మే నెల రెండోవారం. విజయవాడ నుంచి శ్రీశైలం బయల్దేరాం. కార్లో అయిదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆఖరి నంబరులో. వినుకొండ దాటి దోర్నాల చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అక్కణ్నుంచి నల్లమల ఘాట్ రోడ్డు. ముందొక లారీ నత్తనడకన ఎక్కుతోంది. దాని వెనకాల సెకండ్ గేర్లో మేం.

'ఏదో తియ్యటి వాసన వస్తోందండీ' అంది మా ఆవిడ. అడవిపూలేమోలే అన్నాను. టెంపరేచర్ ముల్లు వైపు చూడనేలేదు. మరో కిలోమీటరు వెళ్లామో లేదో, బానెట్ అంచుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. గుండె గుభేల్‌మంది. పక్కకి తీసి ఆపాను.

మా మామయ్యగారు అంబాసిడర్ల కాలం మనిషి. 'ఏముంది అల్లుడూ, మూత తీసి రెండు సీసాల నీళ్లు పోస్తే అదే దారికొస్తుంది' అంటూ బానెట్ ఎత్తించారు. భుజమ్మీది తువ్వాలు మడతపెట్టి రేడియేటర్ మూత మీద వేశారు. సరిగ్గా అప్పుడే కొండ దిగుతున్న ఆర్టీసీ బస్సొకటి మా పక్కన ఆగింది. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వంగి ఒక్క అరుపు అరిచాడు.

'పెద్దాయనా, చెయ్యి తీయండి! మొహం కాలిపోద్ది!'

మామయ్యగారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. 'ముప్పావుగంట దాని జోలికెళ్లకండి' అని చెప్పేసి ఆయన బస్సు పోనిచ్చాడు. ఆ అరుపు ఎంత విలువైందో ఆ రోజు మాకు పూర్తిగా తెలియలేదు.

అదీ కుక్కరే!

పెట్రోలు మండినప్పుడు సిలిండర్లలో వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. అలా పుట్టే వేడిలో బండిని నడిపించేది సుమారుగా మూడోవంతే. మరో మూడోవంతు పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలినదాన్ని ఎప్పటికప్పుడు బయటికి మోసుకుపోవాల్సింది కూలెంటే. వాటర్ పంపు దాన్ని ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో అది గాలికి చల్లబడి, మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఈ చక్రం సవ్యంగా తిరిగినంతసేపూ కూలెంట్ 90 డిగ్రీలకి అటూఇటూగా ఉంటుంది.

మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. రేడియేటర్‌లో మాత్రం అలా కాదు. దాని మూత లోపల ఒక స్ప్రింగూ రబ్బరు వాషరూ ఉంటాయి. అవి లోపలి ఒత్తిడిని నొక్కిపట్టి ఉంచుతాయి. చాలా మూతల మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది చూడండి... ఎంత ఒత్తిడి వరకూ ఆపగలదో చెప్పే అంకె అది. ఆ ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు దాదాపు 120 డిగ్రీల వరకూ మరగవు. అచ్చం మన వంటింట్లో కుక్కర్‌లాగే!

ఇంజిన్ సలసల కాగుతున్నప్పుడు ఆ మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అంతదాకా అణిగి ఉన్న నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై, మరిగే నీళ్లని వెంటబెట్టుకుని మీదికి ఎగజిమ్ముతాయి. తువ్వాలు వాటినేం ఆపగలదు? కుక్కర్ ఆవిరి పోకుండా మూత లాగని మనం, కారు దగ్గర మాత్రం ఆ సంగతి మర్చిపోతాం.

ముల్లు లేస్తుంటే...

ఆవిరి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ముల్లు ఎప్పుడూ ఉండేచోటు దాటిందంటేనే హెచ్చరిక. కొత్త కార్లు కొన్నిట్లో ముల్లుండదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్రదీపం వెలుగుతాయి. ఎర్రదీపం వెలిగిందంటే ఇక ఆలోచించే పనిలేదు, బండి ఆపాల్సిందే.

* ముల్లు పైకి లేస్తున్నట్లు కనబడగానే ఏసీ కట్టేయండి. కిటికీలు దించి హీటర్ పూర్తిగా పెట్టండి. మండుటెండలో హీటరేమిటని నవ్వొద్దు. హీటర్ అంటే ఓ బుల్లి రేడియేటర్. ఇంజిన్ వేడిని కొంత అది లాగేస్తుంది.

* అయినా తగ్గకపోతే, ఆవిరి కనిపించినా, భద్రమైన చోట పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. 'ఇంకో రెండు కిలోమీటర్లేగా' అనుకోవద్దు. ఇంజిన్ల ప్రాణం తీసేది ఎక్కువగా ఆ రెండు కిలోమీటర్లే.

* ఆవిరి తగ్గాకే బానెట్ ఎత్తండి. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. ఇంజిన్ ఆపేసినా కొన్ని కార్లలో అది దానంతటదే తిరగడం మొదలెడుతుంది.

* కనీసం ముప్పావుగంట ఆగండి. పై గొట్టాన్ని పట్టుకుంటే చెయ్యి కాలకూడదు, నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడే మందపాటి గుడ్డ వేసి మూతని కొద్దికొద్దిగా తిప్పండి. బుస్సుమని వినిపిస్తే అక్కడే ఆగిపోండి.

* కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు కుమ్మరించొద్దు. లోహం పగిలే ప్రమాదముంది. చల్లబడ్డాకే నెమ్మదిగా పోయాలి.

ఇంకో సంగతి. ఆవిరి వస్తున్నా ముల్లు కిందికి దిగిపోయిందంటే సంతోషించకండి. కూలెంట్ అంతా పోయి, వేడిని కొలిచే సెన్సరుకి నీళ్లే తగలడం లేదేమో!

ముగ్గురు మెకానిక్కులు... మూడు మాటలు

ఆ రోజు ముప్పావుగంట ఆగి, రెండు లీటర్ల మంచినీళ్లు పోసుకుని కొండెక్కాం. దర్శనం చేసుకుని క్షేమంగా ఇంటికొచ్చాం. ఇంకేం, బాగైపోయిందనుకున్నాం. వారం తిరక్కుండానే హైదరాబాద్ దారిలో, సూర్యాపేట దగ్గర మళ్లీ అదే తంతు.

మొదటి మెకానిక్ థర్మోస్టాట్ పీకి నా చేతిలో పెట్టాడు. 'మన ఎండలకి ఇదెందుకు సార్, అడ్డం' అన్నాడు. పది రోజులకే బందరు నుంచి వస్తుంటే మూడోసారి ఆగిపోయాం. రెండో మెకానిక్ ఫ్యాన్‌కి డైరెక్టుగా వైరు లాగి, బండి స్టార్టయితే చాలు ఫ్యాన్ తిరిగేలా చేశాడు. అయినా నాలుగు రోజులకోసారి రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూనే ఉన్నాయి. మూడో ఆయన పెదవి విరిచాడు. 'హెడ్ గ్యాస్‌కెట్ పోయినట్టుంది. హెడ్డు దింపి లేతు మీద ఫేసింగ్ చేయించాలి' అంటూ అయిదంకెల ఖర్చు చెప్పాడు.

పిల్లల ఫీజులు కట్టాల్సిన జూన్ నెల. కారు అమ్మేద్దామా అన్నంత దూరం వెళ్లింది ఆలోచన. చివరికి స్నేహితుడి మాట మీద ఆటోనగర్లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన పానా ముట్టుకోలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. ప్రశ్నలు మొదలుపెట్టాడు.

డాక్టరు అడిగినట్లే...

'ఎప్పుడు వేడెక్కుతోంది? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, రోడ్డెక్కి పోతున్నప్పుడా?'

ఊళ్లో ఎప్పుడూ ఇబ్బంది లేదన్నాను. 'అయితే ఫ్యాన్ తప్పు కాదు' అన్నాడు. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగి ఉంటే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే మీద చల్లబడుతుంటే ఫ్యాన్ మోటారో, ఫ్యూజో, రిలేనో చూడాలి. ఏసీ వేయగానే ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూస్తే చాలా కార్లలో సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. అదే ఎత్తు ఎక్కుతున్నప్పుడూ, వేగంగా వెళ్తున్నప్పుడూ వేడెక్కితే... కూలెంట్ తగ్గిందా, రేడియేటర్ పూడుకుపోయిందా, వాటర్ పంపు సరిగా తిప్పడం లేదా అన్నది చూడాలి.

'స్టార్ట్ చేసిన ఎంతసేపటికి?'

బయల్దేరిన పది నిమిషాల్లోనే ముల్లు లేచిపోతే థర్మోస్టాట్ మూసుకుని బిగిసిపోయి ఉండొచ్చు. నేను డాష్‌బోర్డులో పడేసిన థర్మోస్టాట్‌ని ఆయన తీసుకుని, టీ గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టాడు. నీళ్లు కాగుతుండగా దాని నోరు మెల్లగా తెరుచుకుంది. 'ఇది బంగారంలా ఉంది. దీన్నెందుకు పీకారు?' అన్నాడు. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో అది లేకపోతే నీళ్లు కొంత రేడియేటర్‌లోకి వెళ్లకుండానే తిరిగేస్తాయి. అంటే, వేడి తగ్గడానికని పీకింది వేడినే పెంచుతుందన్నమాట.

'నీళ్లు ఎన్ని పోస్తున్నారు? అవెక్కడికి పోతున్నాయి?'

ఈ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. నెలరోజులుగా పోస్తున్నానే గానీ ఎక్కడికి పోతున్నాయని ఒక్కనాడూ అడగలేదు!

నీళ్లు మాయమయ్యే దారులు కొన్నే. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర తెల్లటి, పచ్చటి మరకలు కడితే అక్కడ కారుతున్నట్లు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం తడిగా ఉంటే పంపు సీలు పోయినట్లు. కారు లోపల కాళ్ల దగ్గర తివాచీ తడిసి తియ్యటి వాసన వస్తే హీటర్ కారుతున్నట్లు. బయటెక్కడా తడి లేకుండానే నీళ్లు తగ్గుతూ, పొగగొట్టంలోంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి ఆవిరి వస్తూ, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారితే- అప్పుడు హెడ్ గ్యాస్‌కెట్‌ని అనుమానించాలి.

మేస్త్రి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. క్లిప్పులు పొడిగా ఉన్నాయి. పంపు పొడిగా ఉంది. ఆయిల్ శుభ్రంగా ఉంది. ఆఖర్న కూలెంట్ డబ్బా వైపు వేలు చూపించాడు. అది గీత దాటి నిండిపోయి ఉంది. రేడియేటర్‌లో మాత్రం రెండు లీటర్లు తక్కువ. 'నీళ్లెక్కడికీ పోలేదు సార్. పక్కింటికెళ్లి తిరిగి రావడం లేదు' అన్నాడు.

దొంగ దొరికాడు!

వేడికి పొంగిన కూలెంట్ మూతలోంచి పక్క డబ్బాలోకి పోతుంది. చల్లబడ్డాక రేడియేటర్ దాన్ని మళ్లీ వెనక్కి పీల్చుకోవాలి. ఈ రాకపోకలకి కాపలాదారు ఆ మూతే. మా కారు మూత వాషరు ఎండిపోయి, బీటలు తీసింది. ఒత్తిడి నిలబడక నీళ్లు ముందే మరిగి బయటికి తన్నుకుపోతున్నాయి. తిరిగి రమ్మంటే రావడం లేదు. డబ్బా పొంగితే మిగిలింది రోడ్డు పాలు. డబ్బా నిండుగానే ఉందిగా అని మేం ధీమాగా ఉండటం ఇంకో పొరపాటు.

కొత్త మూత వేసి, థర్మోస్టాట్ తిరిగి బిగించి, ఫ్యాన్ వైర్లు ఎప్పట్లా కలిపి, పాత నీళ్లన్నీ దించి కూలెంట్ నింపాడు. చేతిపంపుతో ఒత్తిడి పెట్టి నిలబడుతోందో లేదో చూశాడు. కొత్త మూత ఖరీదు- ఆ రోజు శ్రీశైలంలో మా అయిదుగురి భోజనాలకంటే తక్కువ!

అందరి కారుకీ జబ్బు మూతలోనే ఉంటుందని కాదు. కోతల కాలంలో రోడ్డు మీది వరిపొట్టూ గడ్డీ రేడియేటర్ ముందు పేరుకున్నా గాలి ఆడదు. ఎగిరొచ్చి అతుక్కున్న ఒక్క ప్లాస్టిక్ సంచీ చాలు ముల్లు లేవడానికి. వేడెక్కడం జ్వరం లాంటిది, అదే జబ్బు కాదు. నీళ్లు పోయడం తడిగుడ్డ వేయడం లాంటిది, వైద్యం కాదు. ఆ జ్వరంతోనే బండిని పరిగెత్తిస్తే మాత్రం అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది. అప్పుడు ఆ అయిదంకెల ఖర్చు నిజంగానే తప్పదు.

బోరునీళ్లు వద్దు

దారిలో ఇరుక్కున్నప్పుడు ఏ మంచినీళ్లయినా ఫరవాలేదు. కానీ వాటితోనే నెలల తరబడి నడపకూడదు. మన బోరునీళ్లలోని సున్నం టీ గిన్నెకి పట్టినట్లే రేడియేటర్ గొట్టాలకీ పడుతుంది. కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సాధారణంగా సగానికి సగం కలుపుతారు. కొన్ని కలిపే అమ్ముతారు, డబ్బా మీద చూసుకోవాలి. రంగు చూసి కొనొద్దు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయాలి, ఎప్పుడు మార్చమన్నారో అప్పుడే మార్చాలి. ఒకదాంట్లో మరోటి కలపొద్దు. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకీ కుక్కలకీ అందకుండా దాచాలి.

నెలకోసారి, పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, డబ్బాతోపాటు రేడియేటర్ మూత కూడా తీసి చూడండి. కొన్ని కార్లకి రేడియేటర్ మీద మూతుండదు, ఒత్తిడి మూత డబ్బాకే ఉంటుంది. రెండు నిమిషాల పని.

మరుసటి వేసవిలో మళ్లీ శ్రీశైలం వెళ్లాం. అదే ఘాట్, అదే ఎండ. మా ముల్లు సగం దగ్గరే బుద్ధిగా కూర్చుంది. ఓ మలుపు దగ్గర ఎవరిదో కారు ఆగి ఉంది, బానెట్ లేచి ఉంది, ఓ కుర్రాడు చేతిరుమాలు పట్టుకుని వంగుతున్నాడు. నేను బ్రేకు వేసేలోపే మామయ్యగారు కిటికీ దించేశారు.

'బాబూ, చెయ్యి తియ్యి! మొహం కాలిపోద్ది!'