చలికాలంలో ఎండ పంపు

బాలలూ! ఎండతో నీళ్లు తోడే పంపును చూశారా? పలకల మీద ఎండ పడగానే విద్యుత్తు పుడుతుంది. దానితో పంపు నడుస్తుంది.

లడఖ్‌లోని లే పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలపు రాత్రులలో అక్కడ ఉష్ణోగ్రత సున్నకు దిగువ 20 డిగ్రీలదాకా పడిపోతుంది. చలి పలకలను ఏమీ చెయ్యదు సరికదా, అవి మరింత చురుకుగా పనిచేస్తాయి. చిక్కంతా గొట్టంలో నిలిచిన నీటితోనే! 100 పాళ్ల నీరు గడ్డకడితే సుమారు 109 పాళ్ల మంచు అవుతుంది. చోటు చాలక ఇనుపగొట్టమైనా పగులుతుంది. ఒక్క రాత్రి ఏమరితే, వసంతంలో బార్లీ చేనుకు నీరుండదు.

అందుచేత చలి ముదరకముందే నేలపై గొట్టాలలోని నీటిని పూర్తిగా వదిలివేయాలి. చలికాలంలోనూ నీరు కావాలంటే, మంచు కట్టనంత లోతున బావిలోని గొట్టానికి సన్నని బెజ్జం వేస్తారు. పంపు ఆగగానే పైనున్న నీరు దానిగుండా బావిలోకి జారిపోతుంది. లోతు నీటిలో మునిగివున్న పంపుకు భయం లేదు. అంత లోతుకు చలి దిగదు.

శీతకాలపు సూర్యుడు దక్షిణాన క్రిందుగా నడుస్తాడు. కనుక పలకలను దక్షిణముఖంగా, మరికాస్త నిటారుగా నిలపాలి. అప్పుడు మంచు కూడా జారిపోతుంది. మిగిలినదాన్ని మెత్తని కుంచెతో తుడవాలి. వేడినీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు!

మీరూ పరీక్షించండి. ప్లాస్టిక్ సీసాలో సగం నీరు పోసి, గీత గీసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించండి. మంచు ఆ గీతను ఎంత దాటిందో అమ్మకు చూపించండి!