ఎండాకాలం తేనెటీగలకు ఇరుకిల్లే ముద్దు!

తేనెటీగల పెంపకం గురించి యూట్యూబ్‌లో వెతికితే అమెరికా, ఇంగ్లండ్ వీడియోలు బోలెడు వస్తాయి. ‘సమ్మర్ వచ్చేసింది, పెట్టె మీద ఇంకో పెట్టె ఎక్కించండి’ అంటారు. వాళ్లకది కరెక్టే. అక్కడ వసంతం చివర్లో, వేసవిలో పూలు విరగబూస్తాయి. చోటు చాలకపోతే సగం ఈగలు పాత రాణిని వెంటబెట్టుకుని వేరు కాపురానికి ఎగిరిపోతాయి.

మన మెట్ట ప్రాంతాల్లో కథ రివర్స్. వేపపూత అయిపోయాక మే నెలలో పూలు కరువు. మేత తగ్గితే రాణి గుడ్లు పెట్టడమూ తగ్గిస్తుంది. జనాభా పడిపోతుంది. పెట్టె మాత్రం అంతే ఉంటుంది. యూజర్లు సగమైనా సర్వర్లన్నీ నడిపినట్టన్నమాట!

ఖాళీ ఉంటే నష్టమేంటి?

పిల్లలు పెరిగే చోట 34, 35 డిగ్రీల వేడే ఉండాలి. బయట 42 ఉంటే కూలి ఈగలు నీళ్లు మోసుకొచ్చి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. అచ్చం మన కూలర్ పద్ధతే. ఆ పనిలో ఉన్న కొద్దిపాటి ఈగలు ఖాళీ పట్టులకూ కాపలా కాయలేవు. అక్కడ మైనపు పురుగు చేరి పట్టును తొలిచేస్తుంది. మన దేశీ ఈగలైతే అసలు ఓపిక పట్టవు. గూడు వదిలేసి చెక్కేస్తాయి. ఏడాది కష్టం ఒక్క పూటలో ఖాళీ!

ఇలా చేయండి

పొద్దున్నే ఎండ ఎక్కకముందే మూత తీసి చూడండి. రెండు వైపులా ఈగలు కప్పుకుని ఉన్న ఫ్రేముల్నీ, పిల్లలు, తేనె, పుప్పొడి ఉన్నవాటినీ కదపొద్దు. పూర్తిగా ఖాళీగా ఉన్నవి తీసేయండి. పదిలో ఆరు మిగిలితే ఆరింటినీ ఒక పక్కకు జరిపి, పక్కన చెక్క అడ్డం పెట్టండి. పైన తేనె గది ఖాళీగా ఉంటే దించేయండి. తీసిన పట్టుల్ని కవర్లో బిగించి, రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. పురుగు, గుడ్లు చస్తాయి. తర్వాత అదే కవర్లో దాచుకోవచ్చు.

జాగా తగ్గించమంటే గాలి ఆపేయమని కాదు. పెట్టె నీడలో ఉండాలి. మూత మీద తడి గోనెసంచి కప్పండి. దగ్గర్లో పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే ఈగలు మునగకుండా తాగుతాయి. తేనె నిల్వ తక్కువైతే పంచదార, నీళ్లు సమానంగా కలిపి సాయంత్రం పెట్టె లోపలే పెట్టండి. బయట ఒలికితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి!

ఒక్క మాట. చుట్టూ కొబ్బరితోటలో, నీటి కింద వేసిన పొద్దుతిరుగుడో ఉంటే లెక్క మారొచ్చు. ఫ్రేముల పైఅంచున తెల్లటి కొత్త మైనం, గదుల్లో తళతళలాడే మకరందం కనిపిస్తే మేత దొరుకుతున్నట్టే. అప్పుడు జాగా తగ్గించొద్దు. ఏడెనిమిది ఫ్రేములు ఈగలతో నిండితే ఇంకాస్త ఇవ్వండి కూడా.

జూన్ వానలకు పూలు మొదలయ్యాక దాచిన పట్టుల్ని ఒక్కొక్కటే తిరిగివ్వండి. ఒకటి నిండాకే ఇంకోటి. ఎంత చోటు కావాలో క్యాలెండర్ చెప్పదు, వీడియో చెప్పదు. మూత తీస్తే ఈగలే చెప్తాయి.